ష్యూరిటీ సంతకం – మన పరపతి కథ

పోయిన నెల మా వీధి కుర్రాడొకడు పొలం గట్టు మీద ఆపి అడిగాడు. “బాబాయ్, మా మేనమామ ట్రాక్టరు తీసుకుంటున్నాడు. ష్యూరిటీ సంతకం నన్ను పెట్టమంటున్నాడు. పెట్టనా?” అని. అవునని గానీ కాదని గానీ నోట్లోంచి రాలేదు. ఆ సంతకం నేనూ ఒకసారి పెట్టాను. దాని దెబ్బ తిన్నాను. ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు. గట్టు మీద వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే. కాలవ నీళ్ళ వంతు కోసం కూర్చున్నప్పుడు చదువుకోండి.

ముందు నా సంగతి చెప్పి తర్వాత పాత కాలానికి వెళ్తాను. మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య. 2018లో ట్రాక్టరు లోను పెట్టాడు. జామీను నేను. ఆయన పది ఎకరాలు కౌలు చేసేవాడు, మంచి కష్టజీవి. సంతకం పెట్టేటప్పుడు కాగితాలు చదివానా అంటే లేదు. ఇరవై చోట్ల వేలు పెట్టి చూపించారు, ఇరవై చోట్ల పెట్టాను. 2021లో ఆయన పంట దెబ్బతింది. ఆరు నెలల వాయిదాలు వరసగా మూడు తప్పాయి. ఆయన సిగ్గుపడి నాకు చెప్పలేదు. బ్యాంకు వాళ్ళు నోటీసు పంపామన్నారు, నాకైతే అందలేదు. 2022లో రెండు గేదెలు కొందామని నేను వేరే బ్యాంకుకి వెళ్తే, అక్కడి ఫీల్డ్ ఆఫీసరు కంప్యూటరు చూసి, “మీ సిబిల్ 589 ఉందండీ, ఇవ్వలేం” అన్నాడు. నా పంట రుణం ఏ ఏడూ ఒక్క రోజు ఆలస్యం కాలేదు. ఆ మాటే చెప్పాను. “మీది కాదండీ, మీరు హామీ ఉన్నది” అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

అప్పటి నుంచి ఈ జామీను అనేది అసలు ఎక్కడ పుట్టింది, ఎవరు ఎందుకు పెట్టారు అని చదవడం మొదలుపెట్టాను. ఇంటర్‌తో ఆగిన చదువు నాది. అయినా మన కథ మనకి అర్థం కాకుండా పోదు.

ఇది ఇంగ్లీషు వాడు తెచ్చింది కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలోనే జామీనుదారు ఉన్నాడు. మూడు రకాలు చెప్పారు. మనిషిని పిలిచినప్పుడు తెచ్చి నిలబెడతాను అనేవాడు ఒకడు. వీడు నమ్మదగ్గవాడే అని మాట ఇచ్చేవాడు ఇంకొకడు. వీడు కట్టకపోతే నేను కడతాను అనేవాడు మూడోవాడు. మొదటి ఇద్దరూ చనిపోతే వాళ్ళ కొడుకుల మీదికి ఆ భారం రాదు. మూడోవాడిది మాత్రం కొడుకుల దాకా వస్తుంది. ఈ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు చాళుక్యుల రాజధాని కల్యాణంలో ఉండేవాడు, అంటే ఇప్పటి బీదరు జిల్లా బసవకల్యాణం, మన తెలంగాణ సరిహద్దుకి దగ్గరే. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగులోకి తెచ్చాడు.

అందులో నన్ను ఆపిన ముక్క ఒకటుంది. జామీనుదారుడి చేత నలుగురిలో అప్పు కట్టిస్తే, అప్పు తీసుకున్నవాడు ఆ జామీనుదారుడికి రెండింతలు తిరిగివ్వాలట. డబ్బు పోయినందుకు ఒక వంతు అనుకుంటే, రెండో వంతు నలుగురిలో తలవంపు అయినందుకేమో అని నాకనిపించింది. ఇప్పటి చట్టంలో ఆ రెండో వంతు లేదు.

ఇప్పటి చట్టం అంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం. మీరు ఏ బ్యాంకులో జామీను సంతకం పెట్టినా దాని వెనక ఉండేది అదే. 128వ సెక్షను చెప్పేదేమిటంటే, వేరేగా రాసుకుంటే తప్ప అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారుడి బాధ్యతా అంతే. సగం కాదు, తర్వాత కాదు. మనలో చాలామంది అనుకునేది ఏమిటి? ముందు వాడి ట్రాక్టరు పట్టుకుంటారు, వాడి పొలం మీదికి వెళ్తారు, ఏమీ దొరక్కపోతే అప్పుడు కదా నా దగ్గరికి వచ్చేది అని. అది తప్పు. బీహార్‌లో ఒక బ్యాంకు కేసులో 1968లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, అప్పులవాడిని ముందు పూర్తిగా అడిగి చూడాల్సిన పని బ్యాంకుకి లేదు, నేరుగా జామీనుదారుడి మీదికి రావచ్చు అని. ఇది నాకు 2018లో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

చట్టం కాగితం మీద ఉన్నా, ఆ రోజుల్లో ఊళ్ళో అప్పంటే షావుకారే. 1875లో పూనా, అహమద్‌నగర్ వైపు రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడ్డారు. వాళ్ళు వెతికింది డబ్బు కోసం కాదు, నోట్ల కోసం. బాకీ పత్రాలు తెచ్చి నడివీధిలో తగలబెట్టారు. మద్రాసు ప్రభుత్వానికి మన వైపు కూడా అలాంటిది వస్తుందేమోనని భయం ఉండే ఉంటుంది. 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే కలెక్టరుకి పని అప్పజెప్పింది, రైతుకి తక్కువ వడ్డీకి అప్పు ఎలా పుట్టించాలో చూసి చెప్పమని. ఆయన యూరప్ పద్ధతులన్నీ చదివి 1895లో ఒక సంపుటం, 1897లో రెండో సంపుటం ఇచ్చాడు. ఆయనకి అన్నిటికన్నా నచ్చినవాడు జర్మనీలో రైఫైజన్ అనే ఒక ఊరి మేయరు.

ఈ రైఫైజన్ గురించి మన రైతులకి ఎవరూ చెప్పరు గానీ, మన సొసైటీకి తాత అతనే. 1818లో పుట్టాడు. 1845లో పశ్చిమ జర్మనీ కొండ ప్రాంతంలో వేయర్‌బుష్ అనే పేద ఊరి చుట్టుపక్కల గ్రామాలకి మేయరయ్యాడు. మరుసటి ఏడే పంటలు పోయి కరువొచ్చింది. కలిగినవాళ్ళ దగ్గర డబ్బు పోగుచేసి, ధాన్యం తెప్పించి, రొట్టెలు చేయించి, పేదలకి అప్పు మీద ఇచ్చాడు. ఉచితంగా ఇవ్వలేదు. తర్వాత మెల్లగా తెలుసుకున్నాడు, ధనవంతుడు దయతో ఇచ్చే డబ్బు ఎల్లకాలం రాదు, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే సంఘంలో ఉండాలి అని. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో పెట్టిన సంఘం ఆ పద్ధతిదే. చూపు మందగిస్తున్నా, కూతురి సాయంతో రాతపని చేయించుకుంటూ నడిపాడు.

అతని లెక్క చాలా సూటిగా ఉంటుంది. పేద రైతు ఒక్కడికి పట్నం బ్యాంకు అప్పివ్వదు. యాభై మంది కలిసి, మాలో ఎవడు కట్టకపోయినా మిగిలినవాళ్ళ ఆస్తి మొత్తం పూచీ అని రాసిస్తే ఇస్తుంది. అంటే ఊరు ఊరంతా ఒకరికొకరు జామీను. అందుకే సంఘం ఒక ఊరికే పరిమితం, అందరికీ అందరూ తెలియాలి. ఎవడు తాగుతాడో, ఎవడు పొద్దున్నే పొలానికి పోతాడో, ఎవడి గొడ్డు ఈనిందో తెలిసినవాళ్ళే అప్పు మంజూరు చేస్తారు. ఎందుకు తెచ్చుకున్నాడో దానికే ఖర్చు పెట్టాడా అని పక్కవాడే చూస్తాడు.

ఇదే 1904 సహకార పరపతి సంఘాల చట్టంగా మన దగ్గరికొచ్చింది. పల్లె సంఘాల్లో సభ్యుల బాధ్యతకి పరిమితి లేదు, రైఫైజన్ పద్ధతే. మద్రాసు రాజధానిలో మొదటి సంఘం చెంగల్పట్టు జిల్లా తిరూరులో ఆ ఏడే పుట్టింది. నిజాం సంస్థానంలో చట్టం 1914లో వచ్చింది. పరపతి అనే మాట చూడండి. మన భాషలో పరపతి అంటే పలుకుబడి, నలుగురిలో మాట చెల్లడం. అప్పు పుట్టడానికీ అదే మాట పెట్టుకున్నాం. ఆ సంఘాల్లో ఆ రెండూ నిజంగానే ఒకటి. సాటి సభ్యుల పూచీ మీద అప్పు. ఆ సభ్యులు నీ పక్క పొలం వాళ్ళే.

మా తాత అలాంటి సంఘంలో సభ్యుడు. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చి వడ్ల ధర సగానికి సగం పడిపోయింది. వెయ్యి రూపాయల బాకీకి ముందు ఎన్ని బస్తాలు అమ్మాలో, ఇప్పుడు దానికి రెట్టింపు అమ్మాలి. వాయిదాలు ఆగాయి. సంఘాలు కుదేలయ్యాయి. చట్టం ప్రకారం లిక్విడేటరు అనే అధికారి వచ్చి ఏ సభ్యుడు ఎంత కట్టాలో రాస్తాడు. తన బాకీ తీరిపోయినవాడు కూడా తప్పించుకోలేడు, పరిమితి లేని పూచీ కదా. మా తాత తన అప్పు కట్టేశాడు. అయినా ఆయన పేరు మీద నలభై రూపాయలు రాశారట. జోడెద్దుల్లో ఒకదాన్ని అమ్మి కట్టాడు. ఆ ఏడు పక్కింటి ఎద్దుతో కలిపి దున్నుకున్నానని చెప్పేవాడు. చివరిదాకా సొసైటీ పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. చిన్నప్పుడు నాకిది అర్థం కాలేదు. ఫీల్డ్ ఆఫీసరు ముందు కూర్చున్న రోజు అర్థమైంది.

కానీ ఒక తేడా ఉంది. మా తాత ఎద్దు అమ్మాడని ఊరందరికీ తెలుసు. ఎవరి కోసం అమ్మాడో కూడా తెలుసు. ఆయన మాట చెల్లడం ఆగలేదు. మరుసటి ఏడు విత్తనాలు నోటు లేకుండానే పుట్టాయి. డబ్బు పోయింది గానీ పరపతి పోలేదు.

తర్వాతి యాభై ఏళ్ళు త్వరగా చెప్పేస్తాను, మీలో పెద్దవాళ్ళకి తెలిసిందే. 1951–52లో దేశమంతా గ్రామీణ పరపతి సర్వే చేస్తే, రైతు చేసిన అప్పులో షావుకార్లదీ భూస్వాములదీ కలిపి 70 శాతం దాకా తేలింది, సహకార సంఘాలది 3 శాతమే. పరిమితి లేని పూచీ పక్కకి పోయి, వాటాధనం మేరకే బాధ్యత ఉండే సంఘాలొచ్చాయి. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1975లో గ్రామీణ బ్యాంకులు, 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు. మాఫీలు కూడా, 1990, 2008, మళ్ళీ రెండు రాష్ట్రాలు విడిపోయిన 2014. మాఫీ అప్పు తీరుస్తుంది గానీ, అది చేతికొచ్చే దాకా బాకీ బాకీగానే నడుస్తుంది. మాఫీ వస్తుందని కట్టడం ఆపినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు.

మన ఆడవాళ్ళ సంఘాలని మాత్రం దాటేసి పోలేను. 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ అచ్చం రైఫైజన్ లెక్కే. పదిమంది ఒకరికొకరు హామీ. బాగా నడిచింది. అదే లెక్కని మైక్రోఫైనాన్సు కంపెనీలు పట్టుకుని, వారం వారం వసూలు పెట్టి, ఒకామె కట్టకపోతే మిగతావాళ్ళని ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టే దాకా తీసుకెళ్ళాయి. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఒకే పద్ధతి, తెలిసినవాళ్ళ చేతిలో ఒకలాగా, దూరంగా ఉండి లాభం చూసుకునేవాడి చేతిలో ఇంకోలాగా పనిచేసింది.

ఇప్పుడు సిబిల్. 2000లో ముంబైలో ఈ సంస్థ పెట్టారు. 2005లో పరపతి సమాచార సంస్థలకి చట్టమే వచ్చింది. ఇప్పుడు అలాంటివి నాలుగున్నాయి, మనం అన్నిటినీ సిబిల్ అనే అంటాం. మన ప్రతి అప్పూ, ప్రతి వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందీ అక్కడికి చేరుతుంది. మార్కు 300 నుంచి 900 దాకా. నెలకో గడి చొప్పున 36 నెలల కట్టుబడి కనిపిస్తుంది. మనం హామీ ఉన్న అప్పు కూడా మన రిపోర్టులోనే ఉంటుంది, ఎదురుగా గ్యారంటర్ అని రాసి. అన్నయ్య వాయిదా తప్పిన రోజులు నా గడిలో కూడా పడ్డాయి. ఎందుకు తప్పిందో రాసే గడి అందులో లేదు. నేను గేదెల కోసం వెళ్ళిన బ్యాంకువాడికి మా అన్నయ్య ఎవరో తెలియదు, వాన ఎప్పుడొచ్చిందో తెలియదు. పాతకాలపు జామీను బరువు అలాగే ఉంచి, ఊరి జ్ఞాపకాన్ని మాత్రం తీసేశారు. నా కోపమంతా దీని మీదే. అలాగని ఈ పద్ధతి అంతా చెడ్డది అనను. ఊరికి తెలియని కుర్రాడికి, ఊళ్ళో చిన్నచూపుకి గురైనవాడికి కంప్యూటరు ముందు కులం అడ్డు రాదు. పాత సంఘాల్లో అప్పు ఎవరికి మంజూరయ్యేదో మనకి తెలియనిదా.

సరే, దెబ్బ తగిలాక ఏం చేశాను? ముందు రిపోర్టు తీశాను. 2017 నుంచి ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. నెట్‌సెంటర్‌లో మూడు వందలు అడుగుతారు, ఇవ్వకండి. నా రిపోర్టులో అన్నయ్య ట్రాక్టరుతో పాటు, నాది కాని బంగారం లోను ఒకటి కూడా ఉంది. నా పేరూ ఇంటిపేరూ ఉన్నవాడిదెవరిదో. దాని మీద వెంటనే ఫిర్యాదు పెట్టాను, తీసేశారు. ఇప్పుడైతే ఇంకా నయం, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ పైన రోజుకి వంద రూపాయలు మనకి ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది.

తర్వాత అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆరు నెలలుగా మాటల్లేవు. తిట్టాలనే వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని తల ఎత్తలేదు. వదిన మజ్జిగ తెచ్చిచ్చింది. తిట్టలేకపోయాను. ఇద్దరం కలిసి బ్యాంకుకి వెళ్ళాం. పాత బకాయి వడ్డీతో కలిపి 1,86,000. మేనేజరు, సెటిల్‌మెంటు చేసుకుంటే కొంత తగ్గిస్తాం అన్నాడు. ఆశగానే ఉంటుంది. కానీ అలా చేస్తే రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, మొత్తం కట్టలేదని దానర్థం, అది ఏళ్ళ తరబడి వెంట వస్తుంది. వద్దన్నాం. అన్నయ్య ట్రక్కు అమ్మి 1,16,000 కట్టాడు. మిగిలిన 70,000 నేను కట్టాను, మా ఆవిడ గాజులు కుదువపెట్టి. బకాయి తీరి లోను మళ్ళీ వరసలోకొచ్చింది. బకాయి లేదని ఆ రోజే కాగితం రాయించుకున్నాను. ఈ కాగితం లేకుండా బయటికి రావద్దు.

చట్టం మనకి ఇచ్చినవి కూడా కొన్ని ఉన్నాయి, తెలుసుకోండి. జామీనుదారుడు కట్టిన మేరకు అప్పులవాడి దగ్గర రాబట్టుకునే హక్కు 145వ సెక్షను ఇస్తుంది, కట్టిన రోజు నుంచి మూడేళ్ళలోపు కోర్టుకి వెళ్ళాలి. ఇద్దరు ముగ్గురు జామీను ఉంటే భారం సమానంగా పంచుకోవాలి. మొత్తం మనమే తీర్చేస్తే, బ్యాంకు దగ్గర తాకట్టున్న వాటి మీద బ్యాంకుకున్న హక్కు మనకొస్తుంది. మనకి చెప్పకుండా అప్పు షరతులు మారిస్తే ఆ తర్వాతి దానికి మన పూచీ ఉండదని 133 చెప్తుంది. కానీ ఆ ఇరవై సంతకాల్లో ఒకటి ఈ హక్కు వదులుకుంటున్నాననే ఉంటుంది చాలాసార్లు. అందుకే చదవమనేది.

మార్కు వెంటనే పెరగలేదు. గాజుల మీద తెచ్చిన అప్పు నెలనెలా కట్టి పది నెలల్లో విడిపించాను, అది నా పేరు మీద మంచి గడులు వేసింది. పంట రుణం గడువుకి పదిహేను రోజుల ముందే కట్టి రెన్యువల్ చేయించుకున్నాను, ఎలాగూ సకాలంలో కడితే మూడు లక్షల దాకా వడ్డీ నాలుగు శాతమే పడుతుంది. కొత్త లోను కోసం నాలుగు బ్యాంకులు తిరగడం మానేశాను, అడిగిన ప్రతిసారీ అదీ నమోదవుతుంది. అన్నయ్య వాయిదా తారీకులు మా ఇంట్లో క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టాను. వారం ముందు ఫోన్ చేస్తా. మొదట్లో ఆయనకి నచ్చలేదు. ఇప్పుడు ఆయనే ముందు ఫోన్ చేసి “కట్టేశాన్రా” అంటాడు. 589 కాస్తా ఏడాదికి 640 అయింది, రెండున్నరేళ్ళకి 718. గేదెలు పోయిన ఏడు కొన్నాను, ఒకటి ఈనింది.

అన్నయ్య నా డెబ్బై వేలలో యాభై అయిదు ఇచ్చాడు. యాజ్ఞవల్క్యుడి లెక్కన ఇంకా చాలా రావాలి, ఆ మాట అంటే నవ్వాడు. కోర్టుకి వెళ్ళే గడువు దాటిపోయింది. వెళ్ళను కూడా.

ఆ కుర్రాడికి నిన్న సాయంత్రం ఇదంతా చెప్పాను. పెట్టొద్దని చెప్పలేదు, పెట్టమనీ చెప్పలేదు. మేనమామ వాయిదా ఒకటి తప్పితే ఆ డబ్బు నీ దగ్గర ఉంటుందా అని అడిగాను. ఆలోచించి చెప్తానన్నాడు. మేనమామని కూడా తీసుకుని ఆదివారం రమ్మన్నాను. పొద్దున ఏడింటికి సొసైటీ గోడౌన్ అరుగు మీద ఉంటాను. మీలో ఎవరైనా ఎవరికైనా హామీ ఉండి ఉంటే వచ్చేయండి, రిపోర్టు ఎలా తీయాలో చూపిస్తా. పాన్ కార్డు, బ్యాంకుకిచ్చిన నంబరున్న ఫోను తెచ్చుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, నాకు కూడా.